రెండు రోజుల పని

"ఇంకోసారి చదువన్నయ్యా. ఆ చివరి ముక్క."

పిట్ట గొంతులో ఏడుపు లేదు. ఏడ్చి ఉంటే ఇంట్లో అందరికీ కాస్త తేలిగ్గా ఉండేది.

ఆమె అన్న, మెకానిక్, షెడ్డు నుంచి వచ్చినవాడు వచ్చినట్టే గడపలో కూలబడ్డాడు. చేతులకింకా గ్రీజు. మిల్లువాళ్ళు చెల్లెలి చేతిలో పెట్టిన కాగితాన్ని, చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు, రెండు వేళ్ళ కొసలతో పట్టుకున్నాడు.

"'తమ చక్కెర వ్యాధి రీత్యా, గత సోమవారం పని వేళలో స్పృహ తప్పి పడిపోయినందున...'"

"అది కాదు. చివరిది."

అతను గొంతు సవరించుకున్నాడు. "'నూలు కండెలు పెట్టెల్లో సర్దే పని ఎవరైనా రెండు రోజుల్లో నేర్చుకుంటారు. ఆ మనిషి ఇవాళ మానేస్తే రేపు పొద్దునకి ఇంకో మనిషి దొరుకుతుంది. కావున శనివారం లోపు తామే రాజీనామా ఇచ్చినచో ఉభయులకూ గౌరవప్రదముగా ఉండును.'"

వంటింట్లో గరిటె ఆగిపోయింది.

పొయ్యి ముందు నిలబడ్డ అతని భార్య రంగులమ్మకు ఆ మాటలు కొత్త కాదు. 'ఇచ్చినచో', 'ఉండును' ఆఫీసు గుమాస్తావి. కానీ 'రేపు పొద్దునకి ఇంకో మనిషి దొరుకుతుంది' అన్న ముక్క మాత్రం గుమాస్తాది కాదు. అది తనది. నెలన్నర కిందట, ఇదే వంటింట్లో పీట మీద కూర్చుని, ఈ చేత్తోనే రాసింది. ఒక్క అక్షరం మార్చకుండా ఎత్తి అతికించారు వెధవలు.

"రెండు రోజులట," అంది పిట్ట. "తొమ్మిదేళ్ళయింది నేను ఆ షెడ్డులో చేరి. మరి మిగతా రోజులన్నీ నేనేం పీకానో!"

"ఆ మిల్లు మీద మన్ను పొయ్య!" రంగులమ్మ అత్త మంచం మీద నుంచి లేచి కూర్చుంది. "పడిపోయింది ఊరికే పడిపోయిందా? దాని జేబులో బిస్కెట్టు పొట్లం లాక్కున్నదెవరు? ఆ సూపర్వైజరు సచ్చినోడు కాదూ? నూలుకు పొడి అంటుకుంటుందట! మనిషి కింద పడి నోట్లో నురగ కక్కితే అంటుకోదూ నూలుకి?"

అత్త చెప్పింది అబద్ధం కాదు. పిట్టకు పదిహేనో ఏట నుంచీ చక్కెర జబ్బు. పొట్టలో సూది పొడుచుకున్నాక వేళకు ఏదో ఒకటి నోట్లో వేసుకోకపోతే కళ్ళు తిరుగుతాయి. పదకొండింటికి రెండు బిస్కెట్లు చాలు. ప్యాకింగ్ షెడ్డులో మాత్రం ఒంటిగంట గంట కొట్టేదాకా ఎవరూ ఏదీ నమలకూడదు. ఇన్నాళ్ళూ పెట్టెల చాటున దొంగతనంగా తిని బతికింది. తన అన్నం తాను తినడానికి దొంగలా నక్కాల్సిన చోటును పని చేసే చోటు అంటున్నారు!

"ఏమే, అమ్మాయ్," అత్త వంటింటి వైపు తిరిగింది. "నీ మాట వింటాడుగా ఆ మేనేజరు? మొన్ననేగా కుర్చీ వేసి కూర్చోబెట్టి మెచ్చుకున్నాడు? మెళ్ళో ఆ తాళంచెవి వేలాడేసుకుని ఊరేగుతున్నావుగా. రేపు వెళ్ళి దీని సంగతి అడుగు."

రంగులమ్మ చెయ్యి తనకు తెలియకుండానే మెడ దగ్గరికి పోయింది.

ఇనుప తాళంచెవి. నల్లదారానికి కట్టి ఉంది. ఆఫీసు పక్కనున్న మరుగుదొడ్డిది. ఆమెకు పెద్దపేగులో వాపు. నాలుగేళ్ళుగా ఉంది, చచ్చేదాకా ఉంటుంది. రోజుకు ఏడెనిమిదిసార్లు పరుగెత్తాలి. పనివాళ్ళ మరుగుదొడ్డి ఆవరణకు ఆ చివర. తను నమూనా దారంతో రంగు పోల్చే బల్ల ఈ చివర. ఒకరోజు దారిలోనే బట్టలు పాడయ్యాయి. లోడింగ్ మనుషులందరి ముందూ. ఆ మర్నాడే ఆఫీసు నుంచి కబురు: ఇల్లు చూసుకోమ్మా, నీకు ఇక ఈ పని కష్టం.

అప్పుడు రాసింది ఆ కాగితం. ఏడుస్తూ కాదు, కసిగా. 'నేను జబ్బుపడి రెండు నెలలు రాకపోతే మూడు తొట్ల నూలు రంగు తప్పింది. మళ్ళీ ఉడకబెట్టారు. నా బల్లను ఆఫీసు పక్కకు జరిపి ఒక తాళంచెవి ఇస్తే ఆ నష్టం ఉండదు. బల్ల జరపడానికి ఇద్దరు మనుషులు, ఒక పూట. తాళంచెవి చేయించడానికి ఒక టీ ఖర్చు. నన్ను తీసేస్తే ఇంకొకరికి షేడ్ పట్టుకోవడం వచ్చేసరికి ఏడేళ్ళు.' లెక్క అద్దంలా ఉంది. మేనేజరు కాదనలేకపోయాడు. బల్ల జరిగింది. తాళంచెవి మెళ్ళో పడింది. ఆ నెలలో ఒక్క తొట్టీ తప్పలేదు.

ఆ లెక్క నిజం. ఇవాళ్టికీ నిజం. రోత ఏమిటంటే, ఆ నిజం కింద ఇంకో నాలుగు వాక్యాలున్నాయి.

"కంచాలు పెట్టు," అన్నాడు మెకానిక్ లేచి. "ఆకలి లేదు గానీ పెట్టు."

నలుగురూ కూర్చున్నారు. మంచినీళ్ళ కుండ మూత తీసి, లోపల గిన్నెలో చల్లగా దాచుకున్న మందు తీసుకుని పిట్ట గోడ వైపు తిరిగి సూది వేసుకుంది.  మిగతా ముగ్గురూ కంచాల్లో చెయ్యి పెట్టారు.

"అది నేను రాసింది," అంది రంగులమ్మ.

"ఏది?" అన్నాడు మొగుడు, తలెత్తకుండా.

"ఆ వాక్యం. రెండు రోజులు. రేపు పొద్దునకి దొరుకుతుంది. నా కాగితంలోది."

అత్త చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నాలాంటి దాన్ని తెచ్చుకోవడం కష్టమని చెప్పడానికి... కండెలు సర్దే మనిషైతే రెండు రోజుల్లో తయారవుతుంది, నేను అలా కాదు అని రాశాను. దీని పేరు రాయలేదు. ఒట్టు."

"పేరు రాయలేదట!" మెకానిక్ నవ్వాడు. ఆ నవ్వు వినడానికే అసహ్యంగా ఉంది. "ఆ షెడ్డులో సర్దేవాళ్ళు ఆరుగురు. అందులో జబ్బున్నది ఇదొక్కతే. ఇంక పేరెందుకు? ఇంటి నంబరు కూడా వేసి ఇవ్వాల్సింది!"

"నన్ను మాత్రమే అనకండి. 'ఊరికే నేను గొప్ప అంటే ఎక్కదు, పోలిక పెట్టు, అప్పుడు ఎక్కుతుంది' అన్నదెవరు? పక్కన కూర్చుని వత్తులు దిద్దిందెవరు?"

అతని మొహం వాడిపోయింది.

"పోలిక పెట్టమన్నాను. దీన్ని పెట్టమన్నానా?"

"మరి ఎవర్ని పెట్టమన్నారు? బాయిలరువాణ్ణా? ఊడ్చే ముసలామెనా? ఎవర్ని తొక్కితే మనకు ఇబ్బంది లేదో చెప్పండి, వాళ్ళనే తొక్కేదాన్ని!"

"ఒరేయ్, ఆపండ్రా!" అంది అత్త. ఆపడానికి వాళ్ళ దగ్గర ఇంకేమీ మిగల్లేదు కూడా.

పిట్ట అన్నం పూర్తిగా తింది. సూది వేసుకున్నాక తినకపోతే కుదరదు గనక తింది. ఒక్కో ముద్ద మందు మింగినట్టు మింగింది. కంచం కడిగి బోర్లించి, తడి చేతులు చీరకు తుడుచుకుంటూ వదిన ముందు నిలబడింది.

"కండె అడుగున మడమ చూడ్డం నీకు ఎవరు నేర్పారు వదినా?"

రంగులమ్మ ఎంగిలి చెయ్యి కంచంలోనే కడిగేసుకుంది.

"పక్క నుంచి చూస్తే రెండు కండెలూ ఒకే రంగులా ఉంటాయి, తిరగేసి మడమలు రెండూ ఆనించి చూడు, అప్పుడు తేడా కక్కేస్తుంది అని... నీకు ఎవరు చెప్పారు? నీ ఏడేళ్ళ చదువులో అది ఎన్నో ఏడు?"

సమాధానం కోసం ఆగలేదు. చాప తీసుకుని అత్త మంచం పక్కకు వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకుంది.

* * *

పొద్దున మిల్లుకు ఇద్దరూ ఒకే దారిన నడిచారు. పిట్ట పది అడుగులు ముందు. రంగులమ్మ నడక పెంచితే పిట్ట కూడా పెంచింది. గేటు దగ్గర మోకాళ్ళ నొప్పుల వాచ్‌మన్ ఎప్పటిలాగే "ఏమ్మా వదినా మరదళ్ళూ, ఇవాళ ఎవరు గెలిచారు?" అని పలకరించాడు. ఇద్దరూ చెరో వైపు తిరిగి లోపలికి పోయారు. అతను పళ్ళు లోపల పెట్టేసుకున్నాడు.

పదకొండింటికి ఐదు నిమిషాలు ముందు రంగులమ్మ మేనేజరు గది ముందు నిలబడింది.

"పావుగంట ఆగు," అన్నాడు గుమాస్తా. "సార్ తినే వేళ. వేళ తప్పితే సార్‌కు పడదు."

"ఏమైంది సార్‌కు?"

"నీకు తెలీదా? చక్కెర. పాపం, ఏళ్ళ నుంచి." గుమాస్తా గొంతులో ఎంత జాలి! దేవుడి గదిలో మాట్లాడినట్టు గుసగుసలాడాడు.

పావుగంట నిలబడింది. పేగు మెలిపెట్టింది. పళ్ళ బిగువున ఆపుకుంది. లోపల చెంచా గిన్నెకు తగులుతున్న చప్పుడు తీరిగ్గా వినిపిస్తూనే ఉంది. అదే పదకొండు గంటలు. అదే జబ్బు. అక్కడ షెడ్డులో పిట్ట జేబు తడిమి చూస్తున్నారు, ఇక్కడ తలుపు దగ్గర కాపలా పెట్టారు.

"రా రంగులమ్మా, రా! కూర్చో." మేనేజరు మూతి తుడుచుకుంటూ నవ్వాడు. మంచి మనిషి. అదే అసలు చిక్కు. అరిచేవాడైతే తిరిగి అరవచ్చు.

అతని కుర్చీ కొత్తది. నడుముకు మెత్త, కాళ్ళ కింద చిన్న పీట. మూలన మోకాలెత్తు ఫ్రిజ్ సన్నగా మూలుగుతోంది. దాని మీద పెట్టిన మందు డబ్బా ఆమె ఎరిగిందే. అదే కంపెనీ, అదే నీలం గీత. ఇంట్లో అది మంచినీళ్ళ కుండలో ఉంటుంది.

"నీ కాగితం ఓనరుగారికి చూపించాను. ఎంత మెచ్చుకున్నారో తెలుసా? జబ్బు మనిషిని ఉంచుకోవడం దానధర్మం కాదు, లాభం అని ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదన్నారు. నువ్వు మా కళ్ళు తెరిపించావు."

"దాంట్లో ఒక వాక్యం తీసెయ్యాలండీ."

"ఏది?"

"కండెలు సర్దడం రెండు రోజుల్లో వస్తుందన్నది. అది తప్పు."

"తప్పా? నువ్వే రాశావుగా?"

"నేనే రాశాను. తప్పు రాశాను. రెండు రోజుల్లో వచ్చేది సర్దడం. కలవకుండా సర్దడం రాదు." ఆమె ముందుకు వంగింది. "ఒకే షేడ్ అయినా ఒక తొట్టిలో ఉడికింది వేరు, పక్క తొట్టిలో ఉడికింది వేరు. మామూలు కంటికి రెండూ ఒకటే. కండెలకు అంటించిన చీటీలు షెడ్డు చెమ్మకు సగం ఊడిపోతాయి. కలిసిపోతే అవతల గుడ్డ నేశాక చారలు తేలతాయి. పోయిన వేసవిలో నలభై పెట్టెలు వెనక్కొచ్చాయి, గుర్తుందా? అప్పుడు పిట్ట ఆస్పత్రిలో ఉంది. సర్దింది ఇద్దరు కొత్తవాళ్ళు. మీరన్న ఆ రెండు రోజులవాళ్ళే."

మేనేజరు వెనక్కి వాలాడు. కుర్చీ అతన్ని మెత్తగా పట్టుకుంది.

"చూశావా! ఇది ముందే రాసుంటే ఆ అమ్మాయికి నోటీసు వెళ్ళేదే కాదు కదా?"

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఎందుకంటే నిజం.

"అయితే నోటీసు వెనక్కి తీసుకుంటారా?"

"తీసుకోవచ్చు. ఎందుకు తీసుకోకూడదు? లెక్క కుదిరితే నాకేం పట్టుదల?" అతను సొరుగు తెరిచి ఒక కాగితం బల్ల మీద పరిచాడు. "దానికే నీ సాయం కావాలి."

గళ్ళు కొట్టిన పెద్ద కాగితం. ఎడమ వైపు ఇరవై మూడు పేర్లు. బాయిలరు మనిషి, ఉబ్బసం. గేటు వాచ్‌మన్, మోకాళ్ళు. లోడింగ్‌లో ఒకడు, నడుము. ఆవరణ ఊడ్చే ముసలామె, గుండె. తొమ్మిదో వరసలో పిట్ట. పైన శీర్షికలు: జబ్బు. ఇవ్వాల్సిన వెసులుబాటు. పని నేర్చుకోడానికి పట్టే రోజులు. తీసేస్తే మిల్లుకు నష్టం.

ఆఖరి మూడు గళ్ళూ ఖాళీ.

"ఇవి నువ్వు నింపు. ఎవర్ని ఉంచితే లాభమో, ఎవర్ని తీస్తే లాభమో నీకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. సాయంత్రం ఐదింటికి గుమాస్తా వచ్చి తీసుకుంటాడు."

"నేను రాయనంటే?"

"నీ ఇష్టం. గుమాస్తా రాస్తాడు. వాడికి మనుషులు తెలీదు, ఇరవై మూడింటికీ ఒకటే అంకె వేస్తాడు. నువ్వు రాస్తే కొందరైనా మిగులుతారు." అతను బిస్కెట్ల పళ్ళెం ఆమె వైపు జరిపాడు. "తీసుకో. మంచి పనికి అడుగుతున్నాను, అలా చూస్తావేం?"

ఆమె పళ్ళెం వెనక్కి జరిపి, మూలకు చూసింది. 

"ఆ ఫ్రిజ్ ఎవరు కొన్నారండీ?"

"ఏ ఫ్రిజ్? ఇదా? ఆఫీసుదే. ఏం?"

"ఏమీ లేదు. కొనేముందు ఇలా గళ్ళు కొట్టి లెక్క వేశారా అని."

మేనేజరు పెద్దగా నవ్వాడు. "భలేదానివే!" అన్నాడు. నిజంగానే సరదా పడ్డాడు. ఆమె మాటలోని పోటు అతని బుర్రకు తట్టనే లేదు.

* * *

మూడింటికల్లా ముందు పిట్ట వరస, తర్వాత పైనుంచి ఏడు వరసలు నింపింది.

బాయిలరు మనిషి వరస ఆగకుండా రాసింది. 'మూడేళ్ళు. తీసేస్తే ఆవిరి మంట తెలిసినవాడు లేడు. వెసులుబాటు: ముక్కుకు గుడ్డ, గంటకోసారి బయట గాలి.' రాస్తున్నప్పుడు కొంచెం సంతోషం కూడా వేసింది. ఒక మనిషి మిగిలాడు. వాచ్‌మన్‌కు కిందా మీదా పడి, లారీల నంబర్లన్నీ నోటికి వచ్చని ఏదో అల్లింది. కూర్చోడానికి ఒక స్టూలు చాలు అంది. స్టూలు! పదహారేళ్ళుగా ఆ మనిషికి స్టూలు లేదు. దాని కోసం ఇవాళ కాగితం మీద బేరం పెట్టాల్సి వచ్చింది.

ఎనిమిదో వరస ఊడ్చే ముసలామె.

నేర్చుకోడానికి పట్టే రోజులు?

పెన్సిలు అక్కడ ఆగింది. ఒక పూట. ఒక పూట కూడా ఎక్కువే. తీసేస్తే నష్టం? ఏమీ లేదు. ఎంత గింజుకున్నా ఏమీ లేదు. మూడు నెలలు అని రాసి చెరిపింది. పది రోజులు అని రాసి చెరిపింది. కాగితం అక్కడ పలచబడి చిరుగు పట్టింది.

అప్పుడు అర్థమైంది ఆమెకు, మేనేజరు తన చేతికి ఏమిచ్చాడో. లెక్క బాయిలరు మనిషిని కాపాడుతుంది. లెక్క తనను కాపాడింది. గట్టిగా వాదిస్తే పిట్టను కూడా కాపాడుతుంది. కాపాడిన ప్రతిసారీ ఆ లెక్క అనే కత్తికి పదును ఎక్కుతుంది, చివరికి ఎవరి మెడ మీద పడాలో తేల్చే పని పనివాళ్ళ చేతికే వస్తుంది. మనిషి పడిపోకుండా రెండు బిస్కెట్లు తిననివ్వడం మిల్లుకు లాభమే. వంద లెక్కలు వేసి నిరూపించవచ్చు. మరి లాభం లేనిచోట? అక్కడ పడిపోనివ్వాలా?

కాగితం మడిచి ప్యాకింగ్ షెడ్డుకు నడిచింది.

షెడ్డులో తడి అట్టపెట్టెల వాసన. పిట్ట నేల మీద బాసింపట్టు వేసుకుని రెండు కండెలు తిరగేసి, మడమలు ఆనించి చూస్తోంది. ఒకటి కుడి వైపు పెట్టెలో, ఒకటి ఎడమ వైపు పెట్టెలో పెట్టింది. శనివారం వెళ్ళిపోవాల్సిన మనిషి. ఎవరూ చూడటం లేదు. అయినా చూసే పెట్టింది.

"పిట్టా."

పిట్ట తలెత్తలేదు. వదిన కాగితం విప్పి ఆమె ఒళ్ళో పరిచింది.

పెట్టెలు మోసుకెళ్ళడానికి వచ్చిన లోడింగ్ మనిషి, నడుముకు కండువా బిగించి కట్టుకున్నవాడు, మెడ చాచి చూశాడు. "ఇదేంది, నా పేరు కూడా ఉంది? 'తీసేస్తే నష్టం'... రంగులమ్మా, నా గడిలో సున్నా పెట్టకు తల్లీ. ఇంట్లో మా ఆవిడ ఇప్పటికే పెట్టేసింది."

 రంగులమ్మ మొహం చూడగానే అతని నవ్వు మెల్లగా జారిపోయింది.

"ఇది... నిజంగానా?"

"నిజంగానే," అంది రంగులమ్మ. "ఐదింటికి తీసుకెళ్తారు. నేను రాయకపోతే గుమాస్తా రాస్తాడు."

"రాస్తే?" అంది పిట్ట. నిన్న రాత్రి తరవాత ఆమె వదినతో అన్న మొదటి మాట.

"రాస్తే నువ్వు మిగులుతావు. తొమ్మిదో వరసలో రాశాను చూడు. మడమ చూపు సంగతి, నలభై పెట్టెల సంగతి. నోటీసు వెనక్కి తీసుకుంటానన్నాడు."

పిట్ట తొమ్మిదో వరస చదవలేదు. ఆమె వేలు ఎనిమిదో వరసలో పలచబడ్డ చోట ఆగింది. చెరిపిన అంకెలు రెండూ కనిపిస్తూనే ఉన్నాయి. షెడ్డు గుమ్మంలోంచి చూస్తే ఆవరణలో ముసలామె వంగి ఊడుస్తోంది. నాలుగు అడుగులు వేసి చీపురు మీద ఆనుకుని, ఊపిరి తీసుకుని, మళ్ళీ నాలుగు అడుగులు.

"ఆవిడకు ఇప్పుడు ఏం రాస్తావ్?"

"తెలీదు."

"నాకు రాసినప్పుడు తెలిసిందిగా?"

రంగులమ్మ ఆ దెబ్బ ఓర్చుకుంది. ఓర్చుకోక ఏం చేస్తుంది?

"కోపం తీరేదాకా తిట్టు. కానీ ఐదవడానికి ఇంకా ఎంతో లేదు. నిన్ను కాపాడుకునే దారి ఇదొక్కటే కనబడుతోంది నాకు. ఇది చూస్తే నాకే రోత పుడుతోంది. అయినా ఇదొక్కటే."

పిట్ట కాగితం దగ్గరికి లాక్కుంది. పేర్లన్నీ ఒకటొకటిగా చదివింది, పెట్టెలో కండెలు లెక్కపెట్టినట్టు. కింద నుంచి పైకి మళ్ళీ చదివింది.

"ఒక పేరు తప్పిపోయింది వదినా."

"ఎవరిది?"

"చక్కెర జబ్బువాళ్ళు ఈ మిల్లులో ఇద్దరున్నారు. ఇందులో ఒకళ్ళే ఉన్నారు."

లోడింగ్ మనిషి గుమ్మంలోంచి మేనేజరు గది వైపు ఒకసారి చూశాడు.

పిట్ట చెయ్యి చాచింది. రంగులమ్మ పెన్సిలు ఇచ్చింది. ఇరవై మూడో పేరు కింద, కండెల పెట్టె మూతనే స్కేలుగా పెట్టి, పిట్ట ఇంకో వరస గీసింది. నెమ్మదిగా, గుండ్రటి అక్షరాలతో రాసింది.

'ఇరవై నాలుగు. మేనేజరు గారు. జబ్బు: చక్కెర. వెసులుబాటు: ఫ్రిజ్, మెత్త కుర్చీ, కాళ్ళ పీట, పదకొండింటికి పావుగంట, తలుపు దగ్గర ఒక మనిషి.'

"ఒసేయ్," అంది రంగులమ్మ సన్నగా. "ఇది వాళ్ళు చూస్తే శనివారం దాకా కూడా ఆగరు. నీతో పాటు నన్నూ గెంటుతారు. మెళ్ళో ఇది కూడా పోతుంది."

"పోతుంది," అంది పిట్ట. "అందుకే మిగతా రెండు గళ్ళూ నేను నింపను." పెన్సిలు తిరిగి వదిన చేతిలో పెట్టింది. "ఎవరి పని ఎన్ని రోజుల్లో వస్తుందో రాయడం నీకే బాగా తెలుసు. రాస్తావో, నా వరస చూపించి నన్ను దక్కించుకుని ఈ వరస చెరిపేస్తావో నీ ఇష్టం. చెరిపినా నేనేమీ అనను. పొద్దుటిలాగే నీ పక్కన కాదు, ముందు నడుస్తాను."

గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది.

"రంగులమ్మా! ఇక్కడున్నావా, నీ బల్ల దగ్గర చూసొచ్చాను. అయిందా?" గుమాస్తా లోపలికొచ్చి చెయ్యి చాచాడు. "సార్ అడుగుతున్నారు. ఓనరుగారు కూడా వచ్చి కూర్చున్నారు."

పేగు మళ్ళీ మెలిపెట్టింది. మెళ్ళో తాళంచెవి చల్లగా తగిలింది. ఆమె కాగితం ఇవ్వలేదు. కండెల పెట్టె మీద కాగితం పరిచి, చిరుగు పట్టిన ఎనిమిదో గడి దాటి, తొమ్మిదో వరస దాటి, ఇరవై నాలుగో వరసలో ఖాళీ గడి మీదికి పెన్సిలు దించింది.

"ఒక్క నిమిషం కూర్చోండి," అంది గుమాస్తాతో. "ఇంకో వరస మిగిలింది."